తెర చాటు గుండె చప్పుడు

ఈ మధ్య ఒక కుర్ర డాక్టరు మా ఇంటికి వచ్చాడు. గుండె జబ్బుల వైద్యంలో విదేశీ డిప్లొమా పరీక్షకు కూర్చుంటున్నాడట. నేనూ ఒకప్పుడు ఆ దారిన పోయినవాణ్ణేనని ఎవరో చెప్పారట. కాఫీ తాగుతూ ఏ పుస్తకాలు చదవాలి, ఎన్నాళ్ళు చదవాలి, ఎదురుగా కూర్చోబెట్టి ఏం అడుగుతారు అని వరసగా అడిగాడు. తెలిసినంతవరకు చెప్పాను. అతను మోటారు సైకిలెక్కి వీధి మలుపు తిరిగాక గానీ నాకు తట్టలేదు, అడిగినవన్నీ చెప్పాను గానీ చెప్పాల్సింది మాత్రం చెప్పలేదని.

అందుకే ఇది రాస్తున్నాను. నేను ఎప్పుడు ఏ పదవిలో ఉన్నానో ఇందులో ఉండదు. విమానం టిక్కెట్టు ఎలా కొన్నానో కూడా రాయను, తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఒక పరీక్ష తప్పడం, ఒక ఆడమనిషి ఆయాసం, మా పెద్ద డాక్టరు గారి కోపం. రాసేది వీటి గురించే.

రత్నం గారి తెర

మాది దుత్తలూరు పక్కన మెట్ట పల్లె. ఎంబీబీఎస్ అయ్యాక, తొంభైల మొదట్లో, ఆత్మకూరులో రత్నం గారి ఆసుపత్రిలో చేరాను. ఆయనకు ఉదయగిరిలో కూడా రెండు గదుల క్లినిక్కు ఉండేది. వారంలో సగం రోజులు నన్ను బస్సెక్కించి అక్కడికి పంపేవారు.

రత్నం గారు భారీ మనిషి. మగవాళ్ళు బీడీ వాసనతో లోపలికొస్తే గేటు దాకా వినపడేలా తిట్టేవారు. ఆడవాళ్ళు వస్తే మాత్రం గొంతు దించేసేవారు. ఆయన ఆసుపత్రి పెట్టిన కొత్తలో ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళు మగ డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్ళు కాదట. ప్రాణం మీదికొస్తే ఎడ్లబండిలో పడుకోబెట్టి తీసుకొచ్చేవారట, అప్పటికి చెయ్యడానికి ఏమీ మిగిలేది కాదట. అందుకని ఆయన ఒక ఉపాయం చేశారు. పరీక్ష గదిలో అడ్డంగా నూలు తెర కట్టించారు. స్టెతస్కోపుకు పొడుగాటి రబ్బరు గొట్టం తగిలించారు. తెరకు ఇవతల డాక్టరు, అవతల ఆ మనిషి, తోడుగా అత్తో అమ్మో. స్టెతస్కోపు బిళ్ళ ఆమె చేతికే ఇస్తారు. ఆమే రవిక లోపల పెట్టుకుంటుంది.

"ఎడమ పక్కకు జరుపమ్మా. ఇంకా కిందికి. ఆఁ, ఆడ గట్టిగా పట్టుకో," అనేవారు ఇవతలి నుంచి.

ఈ మాట చుట్టూ పాకిపోయింది. కలిగిరి నుంచి, కొండాపురం నుంచి ఆడవాళ్ళు బస్సులెక్కి రావడం మొదలుపెట్టారు. తెర ఉన్న ఆసుపత్రి అంటే చాలు, కండక్టరు గేటు ముందే ఆపేవాడు. నేను చేరేనాటికి ఆ పద్ధతి నాకు వింతగా అనిపించలేదు. మా అమ్మ కూడా ఆ తెర వెనక కూర్చున్న మనిషే.

కాసెట్టు చదువు

నాకు గుండె వైద్యం మీద మోజు. ఇక్కడ పీజీ సీటుకు ప్రయత్నించి, రాక, మళ్ళీ ప్రయత్నించి విసిగిపోయాను. బయటి దేశాల డాక్టర్ల కోసం ఇంగ్లండులో ఒక పరీక్ష ఉందని మద్రాసులో ఉన్న స్నేహితుడు చెప్పాడు. రాత పరీక్ష మద్రాసులోనే రాయవచ్చు. రోగిని చూసి జబ్బు చెప్పే పరీక్షకు మాత్రం ఆ దేశం పోవాలి.

గుండె చప్పుళ్ళు నింపిన కాసెట్టు ఒకటి సంపాదించాను. ఆత్మకూరు, ఉదయగిరి మధ్య బస్సులో చెవులకు వాక్‌మన్ తగిలించుకుని అదే వినేవాణ్ణి. ఒకరోజు కండక్టరు ఆపుకోలేక అడిగాడు.

"ఏం పాటలు సార్ అయ్యి? దినామూ తల ఊపకుండా వింటా ఉండారే!"

ఒక చెవిది తీసి ఆయన చెవికి పెట్టాను. కాసేపు విని ముఖం చిట్లించాడు.

"ఏంది సార్, రైసు మిల్లా ఇది?"

రాత పరీక్ష మొదటిసారికే గట్టెక్కింది. దానికి రత్నం గారు ఆసుపత్రిలో అందరికీ మైసూరుపాకు పంచారు. "మా పెంచలయ్య ఇంగ్లండు సీమకు పోతా ఉండాడు" అని బీడీ తాగేవాళ్ళకు కూడా నవ్వుతూ చెప్పారు.

సీమలో

పరీక్ష ఒక పాత ఆసుపత్రిలో. బయట సన్నగా వాన. లోపల మంచం మీద ఒక పెద్దావిడ, తెల్లటి జుట్టు, గులాబీ రంగు చెక్కిళ్ళు. పక్కన ఇద్దరు పరీక్షకులు. "ఈమె గుండె విని ఏముందో చెప్పండి" అన్నారు.

నమస్కారం పెట్టాను. పేరు అడిగాను. నాడి చూశాను. ఆ తరవాత, నేను ఏం చేస్తున్నానో నాకే తెలియకుండా, ముఖం కిటికీ వైపు తిప్పుకుని స్టెతస్కోపు బిళ్ళ ఆమె చేతికి అందించాను.

పెద్దావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది. "నేను డాక్టర్ని కాదు గదా బాబూ" అంది. అయినా దయ గల మనిషి, నా అవస్థ చూసి తనే గౌను లోపల పెట్టుకుని అదిమి పట్టుకుంది. నేను కిటికీ వైపు చూస్తూ విన్నాను.

"ఏం వినపడింది?" అని అడిగాడు పొడుగ్గా ఉన్న పరీక్షకుడు.

"ఏమీ లేదు" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది. "ఆమె దాన్ని కాలింగ్ బెల్లు నొక్కినట్టు నొక్కింది. ఈ చప్పుడు నొక్కితే పోతుంది" అన్నాడు. ఆమె అనుమతి తీసుకుని ఎడమ పక్కకు ఒత్తిగిల్లి పడుకోమన్నాడు. స్టెతస్కోపును గంట ఆకారంలో ఉండే పక్కకు తిప్పి, నా చేతి వేళ్ళు తనే పట్టుకుని చర్మం మీద ఆనీ ఆనకుండా పెట్టించాడు. "బరువు తీసెయ్యి. ఇంకా తీసెయ్యి."

అప్పుడు వినపడింది. ఉదయగిరి కొండ మలుపులో బరువు లారీ ఎక్కుడు ఎక్కుతుంటే దూరం నుంచి వినపడుతుందే, అలాంటి చప్పుడు. గుండెలో ఎడమ పక్క పై గదికీ కింది గదికీ మధ్య ఉండే కవాటం సన్నబడిపోతే రక్తం కష్టంగా దిగేటప్పుడు వచ్చే చప్పుడు అది. ఆయన వేళ్ళతో నా చేతిని కొంచెం అదిమాడు, లారీ మాయమైపోయింది. వదిలాడు, మళ్ళీ వచ్చింది. అంతలో సమయం అయిపోయింది.

తప్పానని వేరే చెప్పనక్కర్లేదు. తిరుగు ప్రయాణంలో విమానంలో ఏడ్చాను. పక్క సీటాయన జలుబనుకుని మాత్ర ఇచ్చాడు.

ఇక్కడ ఒక మాట. ఇలాంటి పరీక్షలకు పోయే మన పిల్లలు జబ్బుల గురించి బాగానే చదువుతారు, కానీ వాళ్ళను అక్కడ పట్టిచ్చేది అలవాట్లు. మన దగ్గర మర్యాద అనుకున్నది అక్కడ చేతకానితనంగా కనిపిస్తుంది. వాళ్ళ మాటలో సగం నిజం ఉంటుంది. మిగతా సగం ఇంటికొచ్చి తేల్చుకోవాలి.

కోపం

తిరిగొచ్చాక రత్నం గారికి జరిగినదంతా చెప్పాను. తెర పద్ధతిలో ఈ జబ్బు వినపడదు సార్ అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది.

"పరీక్ష తప్పింది నువ్వు. తెర మీద పడితే ఎట్టయ్యా?"

"తెర మీద కాదు సార్. ఆడోళ్ళు గట్టిగా పట్టుకుంటా ఉండారు. పట్టుకోమని మనమే చెప్తా ఉండాం."

"ఆ తెర లేకపోతే ఒక్క ఆడమనిషన్నా ఈ గేటు లోపలికి వచ్చుండేదా? మీ అమ్మ వచ్చుండేదా? చెప్పు!"

వచ్చి ఉండేది కాదు. అది నాకు తెలుసు. ఆయన చాలా రోజులు నాతో ముభావంగా ఉన్నారు. ఆయన మాటలో నిజం ఉంది, నా మాటలోనూ నిజం ఉంది. రెంటినీ పట్టుకుని ఏం చెయ్యాలో ఆ బస్సులో ఎన్నిసార్లు తిరిగినా తోచలేదు.

సువార్తమ్మ

ఉదయగిరిలో సువార్తమ్మ అని మిషన్ బడిలో చిన్న పిల్లల టీచరు ఉండేది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. నాకు ఆమె రోగిగా తెలియదు, గొంతుగానే తెలుసు. క్లినిక్కు వెనక సందులోనే చర్చి. ఆ గొంతు వినపడితే మందు చీటీ రాసే చెయ్యి కాసేపు ఆగేది. నేను ఇంగ్లండు నుంచి వచ్చాక ఆ గొంతు వినపడడం మానేసింది.

ఒకరోజు అత్త దేవదానమ్మను తోడు తీసుకుని ఆమే వచ్చింది. నాలుగు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది. పడుకుంటే ఊపిరాడదు, గోడకు ఆనుకుని కూర్చుని నిద్రపోతోంది. రత్నం గారు ఉబ్బసమని మాత్రలిచ్చారు, తగ్గలేదు. పైగా కొత్తగా నెల తప్పింది. చెక్కిళ్ళు మాత్రం గులాబీ రంగులో ఉన్నాయి. ఆ రంగు నేను ఈ మధ్యే ఒకచోట చూశాను.

చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరం వచ్చిందా అని అడిగాను.

"వచ్చినాది సార్. అయిదో తరగతిలో. మా నాయన భుజం మీద ఎత్తుకోని బడికి తీసకపోయేవాడు."

నేను అనుకున్నదే అయితే, కడుపులో బిడ్డ పెరిగేకొద్దీ ఆ సన్నటి కవాటం మీద రక్తం ఒత్తిడి పెరుగుతుంది. నెలలు నిండేదాకా ఆమె ఉంటుందో ఉండదో చెప్పలేం. కానీ ముందు వినాలి.

"అమ్మా, ఎడమ పక్కకు తిరిగి పడుకోవాల. స్టెతస్కోపు నేనే పెట్టాల. ఎక్కడ పెడతానో చూడండి," అని నా చొక్కా మీద చోటు చూపించాను.

దేవదానమ్మ లేచి నిలబడింది. తలంతా నెరిసిన మనిషి, గొంతు మాత్రం నెరవలేదు.

"ఏంది నాయనా, సీమకు పోయి నువ్వు నేర్చుకోనొచ్చింది ఇదా? పెద్ద డాక్టరు ఇన్నేళ్ళలో తెర దాటి చెయ్యి పెట్టలా. నువ్వు నిన్న గాక మొన్న వస్తివి!"

"అవ్వా, తెర దాటకపోతే ఈ జబ్బు దొరకదు."

"దొరకకపోతే పాయె. పద సువార్తా, పోదాం."

సువార్తమ్మ కదల్లేదు. ఆయాసపడుతూనే అంది: "అత్తా, నాకు ఊపిరాడ్డంలా. నువ్వు నా పక్కన కూచ్చో. నా చెయ్యి పట్టుకో. కళ్ళు మూసుకోని ప్రార్థన చేసుకో. సార్ విననీ."

అత్త కోడలి ముఖం చూసింది. కోపం అక్కడే నీరుగారిపోయింది. కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుంది. నేను స్టెతస్కోపు గంటను అరచేతిలో కాసేపు ఉంచి వెచ్చబరిచి, పైట కింద నుంచి పెట్టి చేతి బరువు తీసేశాను.

"పరలోకమందున్న మా తండ్రీ!" అని దేవదానమ్మ ఎత్తుకుంది. అది మామూలు గొంతు కాదు. సందు చివరి కొట్టువాడు కూడా తల తిప్పి ఉంటాడు. గది అంతా ప్రార్థన నిండిపోయింది, నాకు గుండె మాట దేవుడెరుగు, నా ఊపిరే వినపడలేదు.

"అవ్వా, కొంచెం మెల్లగా..."

ఆమె మెల్లగా అంటే ఏమిటో తెలిసిన మనిషి కాదు. చివరికి సువార్తమ్మే అంది.

"అత్తా, మనసులో చేస్తే దేవుడికి వినపడదా?"

దేవదానమ్మ ఒక కన్ను తెరిచి చూసింది. పెదవులు బిగించింది. గది నిశ్శబ్దమైంది.

లారీ ఎక్కుడు ఎక్కుతోంది.

నాకు మొదట సంతోషం వేసింది. దాన్ని దాచను. వెతికేది చేతికి దొరికినప్పుడు ఏ డాక్టరుకైనా వేస్తుంది. ఆ వెంటనే ఆమె చేతిని పట్టుకున్న ముసలి చెయ్యి కనిపించింది, ఆ సంతోషం ఆరిపోయింది.

రత్నం గారు విన్నారు

మరునాడే ఆత్మకూరు పోయి ఆయన ముందు నిలబడ్డాను. ఒక్కసారి వచ్చి వినండి సార్, చాలు అన్నాను. ఆయన నన్ను పైకీ కిందికీ చూసి, ఏమనుకున్నారో, చెప్పులేసుకున్నారు. బస్సులో ఇద్దరం ఒక సీట్లో కూర్చున్నాం.

ఉదయగిరిలో సువార్తమ్మను పిలిపించాక ఆయన మొదట తన పద్ధతిలోనే విన్నారు. తెర కట్టించి, పొడుగు గొట్టంతో. "ఏమీ లేదు గదయ్యా" అన్నారు. ఆ తరవాత తెర తీయించాను. దేవదానమ్మ ఈసారి అడక్కుండానే పెదవులు బిగించింది. నా పరీక్షకుడు నాకు చేసినట్టే, నేను మా పెద్ద డాక్టరు గారి వేళ్ళు పట్టుకుని బరువు తీయించాను.

ఆయన చాలాసేపు విన్నారు. స్టెతస్కోపు తీసి మెడలో వేసుకున్నారు. బయటికొచ్చి వరండాలో బల్ల మీద కూలబడ్డారు.

"మన కాడ ఉబ్బసం మందు తింటా ఉండే ఆడోళ్ళు ఎంతమంది ఉండారయ్యా?"

"చానా మంది ఉండారు సార్."

"అందరినీ పిలిపించు."

అంత పేరున్న మనిషి, తన జీవితమంతా కట్టుకున్న పద్ధతిలో చిల్లు ఉందని ఒక్క మాటతో ఒప్పేసుకున్నాడు. పరీక్షలు పాసైనవాళ్ళను చాలా మందిని చూశాను గానీ, ఇలాంటి మనిషిని మళ్ళీ చూడలేదు.

కానీ సువార్తమ్మ సంగతి అక్కడితో తేలలేదు. మద్రాసులో ఎకో తీయించాం, కవాటం బాగా సన్నబడిందని తేలింది. దాన్ని వెడల్పు చెయ్యాలి, కడుపు పెద్దది కాకముందే చెయ్యాలి. దేవదానమ్మ ససేమిరా అంది.

"కడుపుతో ఉండే పిల్లకు గుండె మీద కత్తా? కానుపు కానీ, ఆమైన చూద్దాం."

"కానుపు దాకా ఆగదు అవ్వా," అన్నాను. ఎన్ని విధాల చెప్పినా నా మాట ఆమెకు చెవికెక్కలేదు. నేను పరీక్ష తప్పి వచ్చానని కూడా ఊళ్ళో తెలుసు.

అప్పుడు రత్నం గారు ఆమె ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆడవాళ్ళతో మాట్లాడే ఆ దించిన గొంతుతోనే అన్నారు.

"దేవదానమ్మా, ఉబ్బసమని చెప్పింది నేను. తప్పు చెప్పినాను. ఈ పిల్లోడు చెప్పింది నిజం. ఇన్నేళ్ళుగా నా మాట నమ్మినావే, ఈ ఒక్కసారి కూడా నమ్ము."

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "నువ్వు చెప్తే పోతాం సామీ" అంది. నేను చదివిన చదువు ఆ క్షణంలో ఎందుకూ కొరగాలేదు. తెర కట్టి ఆయన సంపాదించుకున్న నమ్మకమే ఆమెను మద్రాసు బస్సెక్కించింది.

ఆపరేషన్ జరిగింది. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. ఆ కబురు విన్న రోజు రత్నం గారు బీడీ వాసనతో వచ్చినవాణ్ణి కూడా తిట్టలేదు.

రెండోసారి

ఈలోగా ఆసుపత్రిలో పద్ధతి మారింది. తెర పూర్తిగా తీసెయ్యలేదు, మంచం చుట్టూ కట్టాం. లోపల రోగి, పక్కన ఆమె చెయ్యి పట్టుకుని ఒక పెద్ద ముత్తైదువో అవ్వో, ఒక డాక్టరు. పెట్టే చోటు ముందు డాక్టరు తన మీద చూపించాలి. తోడు వచ్చినవాళ్ళు ప్రార్థనైనా, గోవింద నామమైనా మనసులోనే చేసుకోవాలి. ఈ ఆఖరి నియమం రత్నం గారే పెట్టారు. చర్చిలో ప్రకటన చేయించాం, పల్లెల్లో చాటింపు వేయించాం. ఉబ్బసం అనుకున్నవాళ్ళలో కొందరికి నిజంగా ఉబ్బసమే. కొందరికి లారీ.

రెండోసారి పరీక్షకు పోయేటప్పుడు నేను కాసెట్టు తీసుకెళ్ళలేదు. మెట్ట ఊళ్ళ ఆడవాళ్ళు నా చెవులను తయారుచేసి పంపారు. మంచం మీద ఈసారీ ఒక ఆడమనిషే. అనుమతి అడిగి, గంటను అరచేతిలో వెచ్చబరిచి, ఒత్తిగిల్లమన్నాను. "చల్లగా ఉంటుందని భయపడ్డాను, లేదే" అంది ఆమె. జబ్బు చెప్పాను. పాసయ్యాను.

కుర్ర డాక్టర్లకు ఒక మాట. ఇప్పుడు మీకు ప్రతి పట్నంలో ఎకో మిషన్ ఉంది, చెవి ఎందుకు అంటారు. మంచిదే, వాడండి. కానీ ఆ మిషను దగ్గరికి ఎవరిని పంపాలో మీ చెవీ చెయ్యీ చెప్పాలి. ఆ చెయ్యి పెట్టనివ్వాలంటే మనుషులు మిమ్మల్ని నమ్మాలి. పరీక్ష పెట్టేవాళ్ళు మీ చెయ్యిని చూస్తారు. నమ్మకాన్ని మీ ఊరివాళ్ళు చూస్తారు, వాళ్ళు మార్కులు వెయ్యడంలో చాలా కఠినం.

గట్టిగానే

నేను తిరిగొచ్చాక ఉదయగిరి క్లినిక్కుకు పోయిన మొదటి రోజే ఆ ముగ్గురూ వచ్చారు. సువార్తమ్మ, ఆమె చంకలో బిడ్డ, దేవదానమ్మ. సువార్తమ్మ గుమ్మం ఎక్కేటప్పుడు ఆగలేదు, మాట మధ్యలో ఆగలేదు.

"పాసయినారంట గదా సార్. మా బళ్ళో పిలకాయలకు కూడా చెప్పినాను."

మంచం మీద ఎడమ పక్కకు ఒత్తిగిల్లింది. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని దేవదానమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది, అలవాటుగా పెదవులు బిగించి కళ్ళు మూసుకుంది. గంట పెట్టాను. బరువు తీశాను. ఇంకా తీశాను. గుండె కొట్టుకుంటోంది, అంతే. ఎంతసేపు విన్నా లారీ జాడ లేదు.

"ఏమన్నా వినపడతా ఉండాదా సార్?" అంది సువార్తమ్మ.

"ఏమీ లేదమ్మా."

సీమలో ఇదే జవాబు చెప్పి తప్పాను. ఇక్కడ అదే సరైన జవాబు. స్టెతస్కోపు తీసి బల్ల మీద పెట్టాను. దేవదానమ్మ ఇంకా కళ్ళు తెరవలేదు, పెదవులు లోపల్లోపల కదులుతున్నాయి.

"అవ్వా," అన్నాను, "వినడం అయిపోయింది. ఇంక గట్టిగానే చెయ్యండి."